ఇంటివాళ్ల రక్తం

మణికొండలో మా ఇంటి పైవాటా ఖాళీ అయినప్పుడు చూడడానికి వచ్చినవాళ్లంతా సాఫ్ట్‌వేర్ పిల్లలే. నీళ్లు రోజూ వస్తాయా, బండి లోపల పెట్టుకోవచ్చా, కోడికూర వండితే ఏమైనా అంటారా అని అడిగేవాళ్లు. డాక్టర్ స్వాతి మాత్రం కిటికీ దగ్గరికి పోయి నిలబడి, "ఇక్కడ పొద్దున వెలుతురు బాగా పడుతుందా పెద్దమ్మా?" అని అడిగింది. ఆమె దగ్గర అద్దంతో వెలుతురు పట్టే పాత మైక్రోస్కోపు ఒకటి ఉంది. చదువుకునే రోజుల్లో తండ్రి కొనిచ్చాడట. ఆసుపత్రిలో కరెంటుతో నడిచే పెద్దవి ఎన్ని ఉన్నా, ఆదివారాలు దీని ముందే కూర్చునేది.

వాళ్లది అనంతపురం జిల్లా కదిరి. ఆమెకు అప్పటికి నలభై దగ్గర పడుతున్నాయి. వెంట తండ్రి తిమ్మప్ప ఒక్కడే. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరు మెట్లెక్కుతున్నా ఎక్కడ దిగాలో అడగబోయేవాడిలాగే చూసేవాడు. వాళ్లు దిగిన వారంలోనే నేను అడగవలసినవన్నీ అడిగేశాను.

"పెండ్లెందుకు చేసుకోలేదు బిడ్డా?"

"టైం దొరకలేదు పెద్దమ్మా."

"పెండ్లికి టైమెంత గావాలె. ఒక్క పూట సాలు గద."

తిమ్మప్ప మధ్యలో అందుకున్నాడు. "నేనూ అదే చెప్తా ఉండానక్కా. ఒక పూట సెలవు పెట్టు, సాయంత్రానికి మళ్లా డ్యూటీకి పో అని."

ఆమె నవ్వింది. ఎక్కువ నవ్వే మనిషి కాదు కాబట్టి నాకది గుర్తుండిపోయింది.

పిల్లల డాక్టరని విని, మా గల్లీలో దగ్గొచ్చిన పిల్లలందరినీ పైకి పంపడం మొదలుపెట్టాను. విసుక్కోకుండా చూసి మందు రాసిచ్చేది. కొన్నాళ్లకు ఒకరోజు మెల్లగా చెప్పింది. "నేను రక్తం డాక్టర్ని పెద్దమ్మా. రక్తం సరిగా తయారుకాని పిల్లల్ని చూస్తాను. రోగాన్ని ఆపే శక్తి ఒంట్లో పుట్టుకతోనే లేని పిల్లలు కొందరుంటారు, వాళ్లనూ చూస్తాను."

"రక్తానికి గూడ వేరే డాక్టరుంటదా?"

"ఉంటారు. చాలా తక్కువమందిమి ఉన్నాం."

"తయారయ్యేదేంది, అది ఒంట్ల ఉండనే ఉంటది గద."

"ఎముకల లోపల తయారవుతుంది. మూలుగ ఉంటుంది కదా, అందులో."

మూలుగ బొక్క నాకు తెలియనిది కాదు. పొట్టేలు కూర వండినరోజు దానికోసం మా ఇంట్లో కొట్లాటలయ్యేవి. రక్తం పుట్టేది అందులోనని మాత్రం, నేను చదివిన నాలుగు తరగతుల్లో ఎవరూ చెప్పలేదు.

తెలియని పని చేసే మనిషి నా ఇంటి కప్పు మీద తిరుగుతుంటే ఊరుకోలేక, మోకాలి నొప్పి పేరు చెప్పి ఒకనాడు ఆమె పనిచేసే దవాఖానకు పోయాను. కొండాపూర్ అవతల, అద్దాల ఆఫీసుల వెనకాల, మెడికల్ కాలేజీకి ఆనుకుని ఉంది. ఆమె వార్డులో డాక్టరు చదువు చదివే పిల్లలు ఆమెను చుట్టుకుని నిలబడ్డారు. ఒక బాబు మంచం పక్కన బోర్డు మీద గుండ్రాలు గీసి, బాణాలు గీసి, తుడిచి, మళ్లీ గీసి చెప్తోంది. అర్థం కాని పిల్లవాడికి మొదటినుంచి మళ్లీ చెప్పింది. అంత ఓపిక నేను ఏ పంతులులోనూ చూడలేదు. తర్వాత బయట నిలబడ్డ ఆ బాబు తల్లి దగ్గరికి వచ్చి, "ఈ మాత్ర రోజూ వేయండి. ఒళ్లు కాలితే వెంటనే రండి," అని చెప్పి పక్క మంచానికి పోయింది. తల్లి తలూపింది. వరండా నిండా అట్లాంటి తల్లులే ఉన్నారు. చూసే డాక్టరు ఈమె ఒక్కతే.

మొగిలి మా ఈశ్వరమ్మ కొడుకు. ఈశ్వరమ్మా నేనూ ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్లుగా వచ్చాం. మొగిలి కాలనీలకు నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. భార్య సీతాబాయి. పిల్లలు జ్యోత్స్న, సాయిచంద్. పిల్ల పెద్దది, నాలుగో తరగతి. పిల్లవాడు అప్పుడే బడికి పోతున్నాడు. జ్యోత్స్న నోరు మూసుకుని ఉండగా నేను చూడలేదు. మా గేటు ముందు నుంచి పోతూ నిలబడి, ఎవరింట్లో ఏం కూరో నాకే చెప్పి పోయేది.

రెండువేల పదకొండులో బడులు తెరిచిన కొత్తలో ఆ పిల్ల కాళ్లమీద నల్లగా కమిలిన మచ్చలు కనిపించాయి. టీచరు కొట్టిందనుకుని సీతాబాయి బడికి పోయి దులిపి వచ్చింది. టీచరు ఏడుస్తూ వెంటే వచ్చింది. ఆ పంచాయితీ మా అరుగు మీదికి చేరింది.

"నా బిడ్డను గింతగనం కొడ్తరా, మీకు పిల్లలు లేరా?"

"నేను ముట్టుకోలేదండి. మీ పాపనే అడగండి."

"టీచర్ కొట్టలేదే అమ్మా," అంటూనే ఉంది జ్యోత్స్న.

అప్పుడే స్వాతి మెట్లు దిగుతూ పిల్ల కాళ్లవైపు చూసి ఆగింది. పక్కన కూర్చుని నోరు తెరవమంది. చిగుళ్లమీద, నాలుక కింద ఎర్రటి చుక్కలు. "రేపు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకురండి," అంది సీతాబాయితో. తర్వాత టీచరువైపు చూపించి, "ఆమెకు సారీ చెప్పండి," అంది.

పిల్ల ఎముకల్లో మూలుగ ఎండిపోతోందట. రక్తం తయారుకావడం దాదాపు ఆగిపోయింది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు లేక, ఎక్కడ తగిలినా లోపల కమిలిపోతోంది. తోబుట్టువు మూలుగ కలిస్తే, దాన్ని ఎక్కించి బాగుచేయవచ్చని స్వాతి చెప్పింది. అందరికీ కలవదట. సాయిచంద్‌ది కలిసింది. ఆ రోజు తిమ్మప్ప గల్లీ అంతా బెల్లం పంచాడు. ఖర్చు సంగతి స్వాతే ఎవరెవరితోనో మాట్లాడి సరిచేసింది. దసరా అయ్యాక మూలుగ మార్చాలని నిశ్చయమైంది. అప్పటిదాకా పిల్లను నిలబెట్టాలంటే బయటినుంచి రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూ ఉండాలి.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి," అని వార్డు గుమ్మంలో నిలబడి మొగిలికి చెప్పింది. "ఇంట్లోవాళ్ల రక్తం, చుట్టాల రక్తం ఎక్కించకూడదు. బయటివాళ్లదే కావాలి."

"సరే మేడం," అన్నాడు మొగిలి. ఆమె వెనకాల విద్యార్థులు ఎదురుచూస్తున్నారు.

వానలు తగ్గేనాటికి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతబడ్డాయి, బొగ్గు రాక కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. మొగిలి ట్యాంకరుకు జెండా కట్టి, చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. మధ్యలో మా ఇంటికి వచ్చి తిమ్మప్పను గెలికేవాడు.

"ఏం తాతా, బస్సులన్ని బంద్ జేసినం. ఎట్లున్నది?"

"మేం చేయని సమ్మెనా నాయినా. కాకుంటే మేం జీతం కోసం చేసినాం, మీరు రాష్ట్రం కోసం చేస్తా ఉండారు."

"రాష్ట్రమొస్తే మల్ల కదిరి బస్సెక్కుతవా?"

"బస్సు యాడుండాది ఎక్కేకి? నువ్వే కదా నిలిపేసింది."

ముగ్గురం నవ్వుకున్నాం. కానీ పైవాటాలో నవ్వు లేదు. స్వాతి ఫోనులో పేర్లున్నవాళ్లంతా రాయదుర్గం, మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు. పిలిస్తే మధ్యాహ్నం అన్నం మానుకుని వచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చిపోయేవాళ్లు. సమ్మెతో సగం మంది సొంతూళ్లకు పోయారు. మిగిలినవాళ్లు రావాలన్నా బండ్లు లేవు. స్వాతి పొద్దున్నే ఒక్కొక్కరికీ ఫోను చేసి, "మీరుండే చోటికి నేనే వచ్చి తీసుకుపోతాను," అని బతిమాలడం మెట్లమీద నిలబడి విన్నాను.

శిబిరంలో ఎవడో మొగిలిని అన్నాడట, "ఏందే మొగిలన్నా, నీ బిడ్డకు ఆంధ్రోళ్ల నెత్తురెక్కిస్తున్నరట?" అందరితోపాటు వీడూ నవ్వాడు. ఆ మాట మాత్రం లోపల పట్టుకుంది. సాయంత్రం నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"పెద్దమ్మా, మా నెత్తురెందుకు పనికిరాదట? నేను కల్లు తాగుత గాబట్టా? ట్యాంకర్ నడిపేటోనిది గలీజు నెత్తురా? ఏసీల కూసునేటోళ్లదే మంచిదా?"

"ఆమె అట్ల అనలేదు గదరా. పైననే ఉంటది, పోయి అడుగు."

"నేనడుగుత. ఆమె నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెప్తది. నేను తలూపి దిగొస్త. ఏం ఫాయిదా?"

మొగిలి అడగలేదు. నేను స్వాతిని అడిగితే, "చెప్తాను పెద్దమ్మా, ఇప్పుడు ఆలస్యమైపోతోంది," అని చెప్పుల్లో కాళ్లు దూర్చింది. బస్సులు లేక ఆమె నడిచే పోతోంది అప్పుడు.

బతుకమ్మ వచ్చింది. పువ్వుల్లో ఉండే బూజు ఆ పిల్లకు ప్రమాదమని స్వాతి తంగేడూ గునుగూ దగ్గరికి రానివ్వవద్దంది. జ్యోత్స్న రంగుకాగితాలు కత్తిరించి బతుకమ్మను పేర్చుకుని, మా పైవాటా వసారాలో మూతికి గుడ్డ కట్టుకుని ఒక్కతే దాని చుట్టూ తిరిగింది. కింద రోడ్డు మీద ఆడవాళ్లమంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే పైనుంచి అరిచి తప్పులు చెప్పింది.

ఆ తర్వాత ఆటోలూ బంద్ అయిన రోజు, అన్నం తింటున్న పిల్లకు ముక్కులోంచి రక్తం మొదలైంది. ఆగలేదు. మొగిలి పిల్లను ట్యాంకరు ముందు సీట్లో పడుకోబెట్టి, మా రోడ్డు చివరనున్న చిన్న నర్సింగ్ హోంకు తెచ్చాడు. పెద్దాసుపత్రి దాకా దారి లేదు. నేను, ఈశ్వరమ్మ వెనకాల పరుగెత్తాం. అక్కడ ఒక కుర్ర డాక్టరు ఒక్కడే ఉన్నాడు. ముక్కులో దూది కుక్కాడు. అదీ తడిసిపోయింది.

"నాడి తగ్గుతోంది. రక్తం ఎక్కించాలి. మా దగ్గర ఒక్క సంచి కూడా లేదు. ఎవరన్నా ఇస్తేనే," అన్నాడు.

నా ఫోనులో స్వాతి దొరికింది. అంతకుముందే సీతాబాయి ఫోను అందుకుని, ప్లేట్‌లెట్ల పెట్టె పట్టుకుని బయలుదేరిందట. గచ్చిబౌలి దగ్గర లారీలు అడ్డంగా నిలబడితే దిగి నడుస్తోంది.

మొగిలి ఫోను లాక్కున్నాడు. "ఎంతసేపైతది మేడం?"

"తెలియదు మొగిలీ. నడుస్తున్నాను. మీరు..."

లైను పోయింది. మళ్లీ కలవలేదు. మొగిలి చొక్కా చేయి పైకి మడిచాడు.

"ఇంటోళ్లది వద్దన్నది గదరా," అన్నాను.

"ఎందుకొద్దో చెప్పు పెద్దమ్మా, ఆగుత."

నేను చెప్పలేకపోయాను. తెలిస్తే కదా.

గ్రూపు కలిసింది. మొగిలి రక్తం లోపలికి పోతుంటే పిల్ల పెదవులకు రంగొచ్చింది. కళ్లు తెరిచి నీళ్లడిగింది. ఈశ్వరమ్మ కొంగుతో మనవరాలి మొహం తుడుస్తూ నావైపు తిరిగి, "సూసినవా సాయమ్మా, మనింటి నెత్తురు ఎట్ల పట్టిందో," అంది. ఇక ఆమెను ఆపేవాళ్లు లేరు. మొగిలి తమ్ముణ్ణి పిలిపించింది. మేనమామను పిలిపించింది. సీతాబాయిని చేయి పట్టుకుని తెచ్చింది. గ్రూపు కలిసినవాళ్లంతా ఇచ్చారు. ఒకటి చాలమ్మా అని కుర్ర డాక్టరు అంటూనే ఉన్నాడు. "బలం పట్టనియ్యి సారూ, ఎన్నొద్దులు పరాయోళ్లది ఎక్కించుకుంటది," అంది ఈశ్వరమ్మ. అతను ఒక్కడు, వాళ్లు ఇంటిల్లిపాది.

పొద్దు వాలుతుండగా స్వాతి వచ్చింది. చీర అంచు మోకాలి దాకా మట్టి. దారిలో ధర్నా చేస్తున్నవాళ్లు పెట్టెను చూసి పక్కకు జరిగి దారిచ్చారట, తాగడానికి నీళ్లిచ్చారట. ఆగిపోయిన బండ్లను దాటడానికే అంతసేపు పట్టింది. తెచ్చిన ప్లేట్‌లెట్లు తగిలించింది, పిల్ల కనురెప్పలు విప్పి చూసింది. తర్వాత పక్కనున్న ఖాళీ సంచుల వైపు చూసింది.

"ఇవన్నీ ఎవరిచ్చారు?"

"మేమే మేడం. ఇంటోళ్లమే," అన్నాడు మొగిలి. తల ఎత్తి అన్నాడు.

"సరే," అంది స్వాతి. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

నేను పక్కన కూర్చుని అడిగాను. అప్పుడు చెప్పింది, మొత్తం. పిల్ల ఒంట్లో మిగిలిన కొద్దిపాటి కాపలా ఉంటుందట. బయటినుంచి వచ్చినదాన్ని పరాయిదని గుర్తుపెట్టుకోవడం దాని పని. పిల్ల ఒంట్లో లేని కొన్ని ఆనవాళ్లు ఇంటివాళ్ల రక్తం మీద ఉంటాయి, అవే కలిసిన తమ్ముడి మూలుగ మీద కూడా ఉంటాయి. ముందే ఒకసారి చూసి ఉంటే, రేపు మూలుగ వచ్చినప్పుడు నిలవనీయకుండా తరిమేస్తుంది.

"ఖాయంగా తరుముతదా?"

"ఖాయమని లేదు. ఎక్కువమందిది చూసినకొద్దీ భయం ఎక్కువ."

"మరి ఆపుతవా మూలుగ ఎక్కించుడు?"

"ఆపితే ఇంకేముంది పెద్దమ్మా, చేయడానికి."

సమ్మె ముగిసి బస్సులు తిరిగాక జ్యోత్స్నను అద్దాల గదిలో పెట్టారు. జుట్టంతా ఊడింది. సాయిచంద్ నడుము ఎముకలోంచి తీసిన మూలుగ, చూడడానికి మామూలు రక్తంలాగే కనిపిస్తూ, ఒక సంచిలో వచ్చి అక్క ఒంట్లోకి పోయింది. స్వాతి ఇంటికి రావడం తగ్గించింది. తిమ్మప్ప బొరుగుల ఉగ్గాని చేసి డబ్బాలో పట్టుకుపోయేవాడు, చాలాసార్లు అట్లాగే తిరిగి తెచ్చేవాడు. మొదట్లో రక్తపరీక్షల్లో లెక్కలు కొంచెం పైకి లేచాయి. సీతాబాయి అద్దం బయటినుంచి చేతులూపి పిల్లను నవ్వించింది. ఆ తర్వాత దిగడం మొదలైంది. దిగుతూనే పోయింది. మూలుగ నిలవలేదు. జ్వరం పట్టుకుంది. చలికాలంలో ఒక మధ్యాహ్నం జ్యోత్స్న పోయింది.

అదే రోజు విద్యార్థులకు పాఠం ఉందట. స్వాతి పోయి చెప్పిందట. తిమ్మప్ప నాతో అంటూ కళ్లు తుడుచుకున్నాడు. "ఇంటికి వచ్చి ఏడుస్తుందేమో అని చూస్తినక్కా. తలంటు పోసుకుని పండుకునింది."

దినాలు అయ్యాక ఒక ఆదివారం మొగిలి మా ఇంటికి వచ్చాడు. సాయిచంద్‌ను వెంట తెచ్చాడు. స్వాతి మెట్లమీదే ఉంది. మొగిలి కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరో దవాఖానలో విన్న మాట వాడి చెవిన వేసినట్టున్నారు.

"మేడం, ఒక్క మాట అడుగుత. దాయకుండ చెప్పాలె. మా నెత్తురెక్కించినందుకేనా?"

నేను స్వాతి మొహం చూస్తున్నాను. కాదు అని ఒక్క మాట అంటే అయిపోతుంది, ఎవరు పరీక్ష చేసి చూడబోతారు అనిపించింది.

"మొదటి సంచి మీరు ఇవ్వకపోతే ఆ రోజే పోయేది," అంది. "నేనున్నా మీదే ఇప్పించేదాన్ని."

"మిగిలినయి?"

"అవి అవసరం లేదు. వాటివల్ల అయ్యుండొచ్చు. అవి లేకపోయినా కొందరికి ఇట్లాగే అవుతుంది. ఏదో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు."

మొగిలి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఎందుకొద్దో ఆనాడు చెప్పకపోతివి మేడం."

"చెప్పాల్సింది."

"ఎందుకు చెప్పలే?"

"మీకు అర్థం కాదనుకున్నాను," అంది స్వాతి.

తిమ్మప్ప పైన తలుపు దగ్గర నిలబడి, కూతురివైపు చూసి లోపలికి పోయాడు.

"ఇప్పుడు సమజైంది గద," అన్నాడు మొగిలి. గొంతు పెంచలేదు. "గప్పుడు గూడ అయ్యేది."

మొగిలి లేచి, మళ్లీ కూర్చున్నాడు. సాయిచంద్‌ను ముందుకు లాగాడు. "వీడు ఇంట్ల అన్నం తింటలేడు మేడం. నాది మంచిగలేదా, అందుకే అక్క సచ్చిపోయిందా అని అడుగుతున్నడు. నాకు చెప్పొస్తలేదు. నువ్వు చెప్పు."

స్వాతి మెట్లు దిగి వచ్చి, కింద నేలమీద పిల్లవాడికి ఎదురుగా కూర్చుంది. సుద్దముక్క లేదు. నా ముగ్గుపిండి డబ్బా తీసుకుని బండలమీద గుండ్రాలు పోసింది. ఇది అక్క, ఇది నువ్వు ఇచ్చింది, వీళ్లు కాపలావాళ్లు అని చెప్పింది. నీది చాలా మంచిదని చెప్పింది. అంత బాగున్నా, కాపలావాళ్లు దాన్ని ఎవరో పరాయివాళ్లదనుకున్నారని చెప్పింది. వాడికి తెలియని చోట మళ్లీ మొదటినుంచి చెప్పింది. వార్డులో విద్యార్థులకు చెప్పినంతసేపూ చెప్పింది.

వాడు ముగ్గులోకే చూస్తూ అంతా విన్నాడు.

"అక్కకు నేను తెల్సు గద," అన్నాడు.

"తెలుసు," అంది స్వాతి. పిండి అంటిన వేళ్లను చూసుకుంది. మొగిలి కొడుకును ఎత్తుకుని, ఆ ముగ్గును తొక్కకుండా పక్కనుంచి నడిచి గేటు దాటాడు.